పాత గ్రంథాలయ భవనం: బాగు చేయాలా, మరో పనికి ఇవ్వాలా, కూల్చాలా?

మొన్నటి వానాకాలం అయ్యాక మా ఊరి గ్రంథాలయం కమిటీలో నన్నూ ఇరికించారు. మొదటి మీటింగు అరగంటలో తేలిపోయేలా కనిపించింది. "అది స్లాబు కాదండీ, మిద్దె. దూలాలు పుచ్చిపోయాయి. పడగొట్టి జీ ప్లస్ టూ వేసుకుంటే కింద షాపులు అద్దెకిచ్చుకోవచ్చు" అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేశారు. ఇంకొకాయన "మా నాన్నగారు ఇక్కడే పేపరు చదివేవారు, దాన్ని ముట్టుకుంటే ఊరుకోను" అని లేచారు. మీరు చివరిసారి లోపలికి ఎప్పుడు వచ్చారని ఎవరో అడిగితే ఆయనకే నవ్వొచ్చింది.

ఇలాంటి గొడవ చాలా ఊళ్ళలో నడుస్తోంది. గ్రంథాలయోద్యమం రోజుల్లో, అంటే 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగిన కాలానికి అటూ ఇటూ, చందాలు పోగేసి కట్టుకున్న భవనాలన్నీ ఇప్పుడు నూరేళ్ళ వయసుకు వచ్చాయి. కప్పు కారుతోంది, డబ్బు లేదు, స్థలం మాత్రం సెంటర్లో ఉంది. ఏడాది పాటు ఆ కమిటీలో కూర్చుని, నాలుగు చోట్ల తిరిగి చూసి వచ్చాక నాకు అర్థమైనది ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్ళో గ్రంథాలయం కాకపోయినా టౌన్ హాలో, పాత హైస్కూలో, తాలూకా కచేరీయో ఉంటే లెక్క దాదాపు ఇదే.

కాపాడేది దేన్ని?

"లైబ్రరీని కాపాడాలి" అని అందరూ అంటారు. ఒక్కొక్కరి మనసులో ఉన్నది ఒక్కోటి. కొందరికి లైబ్రరీ అంటే భవనం: కమానులు, టేకు తలుపులు, శిలాఫలకం మీద దాత పేరు. కొందరికి పుస్తకాలు, అందులోనూ ఇంకెక్కడా దొరకని పాత పత్రికల బైండు సంపుటాలు. ఇంకొందరికి జనం: పొద్దున్నే పేపరు కోసం వచ్చే పెద్దవాళ్ళు, గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదువుకునే పిల్లలు.

ఈ మూడూ ఒకే కట్టలో ఉండాలని రూలేమీ లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరా తిప్పారు. ఆ గ్రంథాలయానికి గోడలే లేవు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనానికి వెళితే ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడికి పరిశోధకులు దూరాల నుంచి వచ్చేది పాత తెలుగు పత్రికల కోసం. 1929లో గాంధీగారు ఆ ఊరు వచ్చినప్పటి చేతికర్ర కూడా అక్కడే భద్రంగా ఉంది. అక్కడ చోటునీ, పుస్తకాన్నీ విడదీస్తే రెండూ పల్చబడతాయి.

కాబట్టి మొదటి మీటింగులోనే ఒక తెల్లకాగితం తీసుకుని, మన దగ్గర ఈ మూడింటిలో నిజంగా ఏది ఉంది, ఎంత ఉంది అని రాయండి. మా ఊళ్ళో రాస్తే తేలింది: భవనం బాగుంది, జనం ఉన్నారు, పుస్తకాల్లో ముప్పాతిక వంతు ఎక్కడైనా దొరికేవే. మిగతా పాతిక వంతు మాత్రం చెదల నోటి దగ్గర ఉంది.

ఎస్టిమేట్ కంటే ముందు నిచ్చెన వేసుకోండి

భవనం "పోయింది" అనే మాట ఎవరు చెప్పినా వెంటనే నమ్మకండి. సిమెంటు కట్టుబడి మాత్రమే తెలిసిన ఇంజనీరుకి మిద్దె కనబడగానే భయం వేస్తుంది. ఆయన్ని తప్పు పట్టలేం, కాలేజీలో ఎవరూ నేర్పలేదు. మేము పాత మేస్త్రీ ఒకాయన్ని పిలిపించాం. ఆయన చేసిన పరీక్షలు ఇవీ.

స్క్రూడ్రైవర్ తీసుకుని దూలం గోడలోకి దూరే చోట పొడిచారు. దూలం నడుమ ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు, గోడలో దాగిన కొసే ముందు పుచ్చేది, చెమ్మ అక్కడే చేరుతుంది కాబట్టి. మా పదకొండు దూలాల్లో మూడింటికే స్క్రూడ్రైవర్ దిగింది. "పోయాయి" అన్నవి మూడు! పుచ్చిన కొసల్ని కోసి కొత్త టేకు ముక్క అతికించో, గోడ పక్కన ఇనుప ఆసరా పెట్టో నిలబెట్టవచ్చని ఆయన అన్నారు.

తర్వాత గోడని వేళ్ళతో కొట్టుకుంటూ నడిచారు. డొల్ల మోత వచ్చిన చోట పూత వదిలేసిందని అర్థం, గోడ పోయిందని కాదు. పగులు మీద చిన్న గాజు ముక్కని అడ్డంగా అతికించి తేదీ రాశారు. రెండు వానలు దాటాక గాజు విరగకపోతే అది పాత పగులు, ఇక కదలడం లేదు. విరిగితే పునాది సంగతి చూడాలి, అప్పుడు నిజంగా పెద్ద ఇంజనీరు కావాలి.

చివరికి మేడెక్కి చూస్తే అసలు దొంగ దొరికాడు. వాన నీళ్ళు పోయే తూము ఆకులతో, పావురాల రెట్టతో నిండిపోయి ఉంది. నీళ్ళు దిగే దారి లేక కప్పు మీదే నిలిచి, మెల్లగా గోడలోకి దిగాయి. పిట్టగోడ పగులులో ఒక రావి మొక్క మోకాలెత్తు పెరిగి కూర్చుంది.

గ్రంథాలయంగానే ఉంచి బాగు చేయడం

భవనం గట్టిగా ఉండి, జనం వస్తూ ఉంటే ఇదే మొదటి ఎంపిక. ఏ పనికి కట్టారో ఆ పనిలో ఉన్న భవనాన్ని ఎవరో ఒకరు రోజూ తలుపు తీసి చూస్తారు, కారితే అరుస్తారు.

హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఈ తేడా పక్కపక్కనే కనబడుతుంది. అసఫియా లైబ్రరీగా 1891లో మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. ఎత్తైన కప్పు, పొడవాటి కిటికీలు, బల్లల నిండా పోటీ పరీక్షల పిల్లలు. దానికి కూతవేటు దూరంలో వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం ఉంది. 2020 జూలైలో వార్డుల్లోకి వాన నీళ్ళు వచ్చాక దాన్ని ఖాళీ చేయించి తాళం వేశారు. రెండూ ఒకే నది గాలి పీల్చినవి, దాదాపు ఒకే తరంవి. ఒకటి అరుగుతూనే బతుకుతోంది, ఇంకొకటి తాళం వెనక పడి ఉంది.

సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలై, 1921లో సొంత భవనం కట్టుకుని, ఇవాళ్టికీ ఆ పనిలోనే ఉంది. మార్కెట్ల సంగతికి వస్తే మొజంజాహీ మార్కెట్‌ని తలుచుకోండి. 1935 నాటి రాతి కట్టడాన్ని 2020 నాటికి శుభ్రం చేసి, బాగు చేసి మళ్ళీ మార్కెట్‌గానే వదిలారు. సాయంత్రం అక్కడ ఐస్‌క్రీమ్ తినే జనమే దానికి కాపలా.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళు ఒక్క విషయంలో మొండిగా ఉండాలి. సున్నం గోడకి సిమెంటు పూయనివ్వకండి. గానుగ సున్నంతో కట్టిన గోడ చెమ్మని పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే వదిలే దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే ఉండి, ఉప్పు తేలి, మెత్తటి పాత ఇటుకని పొడి చేస్తుంది. మొదటి ఏడు గోడ నున్నగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. రెండో ఏడు అడుగున పెచ్చులు. మూడో ఏడు "చూశారా, ఈ భవనం ఇక లాభం లేదు" అంటారు. మా గ్రంథాలయం వెనక గోడకి పదేళ్ళ కిందట ఎవరో మంచి మనసుతో చేయించిన రిపేరు సరిగ్గా ఇదే, ఇప్పుడు అన్నిటికంటే అధ్వాన్నంగా ఉన్నది ఆ గోడే. సున్నం పనికి మేస్త్రీలు తక్కువ, పని నిదానం, సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు అంటారు. టెండరు గడువుతో ఇది కుదరదు. గడువుని సున్నానికి తగ్గట్టు రాయించుకోవాలి.

రెండో జాగ్రత్త బరువు. పుస్తకం తేలిగ్గా కనిపిస్తుంది గానీ బీరువా నిండితే ఇనుప గుండే. ఇప్పటి భవన నిర్మాణ ప్రమాణాల్లో ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్క వేస్తే, పుస్తకాల రాకులుండే గదికి 600 కిలోలకు తగ్గకుండా వేయమంటారు. చెక్క దూలాల మీద ఉన్న మేడ గదిలో ఇనుప రాకులు నింపడమంటే కప్పుతో జూదమాడటమే. బరువంతా కింది అంతస్తులో ఉండాలి. మేడ మీద కుర్చీలూ, బల్లలూ, మనుషులూ చాలు.

పాతది ముందు, కొత్తది వెనక

ఖాళీ స్థలం ఉంటే నా ఓటు దీనికి. చెన్నై ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీ చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు. 1896లో తెరిచిన పాత హాలు, రంగు అద్దాలు, చెక్కడపు పని, అలాగే ఉంది. 1970లలో పక్కనే కొత్త భవనం కట్టి రోజువారీ రద్దీని అటు మళ్ళించారు. దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతినీ అందుకోవాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి, తెలుగు పుస్తకాలు కూడా అక్కడికి చేరాలి. అంత బరువుని ఆ పాత హాలు ఒక్కటే మోయాలంటే ఎప్పుడో కుంగిపోయేది.

చిన్న ఊళ్ళో ఇదే పని చిన్నగా చేయొచ్చు. బీరువాలు, కంప్యూటర్లు, ఏసీ, మరుగుదొడ్లు అన్నీ వెనక మామూలు స్లాబు గదిలోకి. ముందున్న పాత హాల్లో పత్రికలు, పిల్లల మూల, సాయంత్రం సభలు. పాత గోడని ఎక్కడా తొలవకుండా కరెంటు, నీళ్ళు కొత్త గదిలోనే ఉండిపోతాయి. మనవాళ్ళు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. కొత్త గదిని పాత గోడకి ఆనించి కట్టేస్తారు. రెండు కప్పులు కలిసే చోట నీళ్ళు చేరి, కొన్నేళ్ళకి రెండూ కారతాయి. మధ్యలో మనిషి నడిచేంత సందు వదలండి. ఇంకొకటి, కొత్తదానికి పాతదాని వేషం వేయకండి. సిమెంటు కమానులూ, ప్లాస్టర్ పువ్వులూ పెడితే పెళ్ళి మండపంలా తయారవుతుంది. మామూలుగా, తక్కువ ఎత్తులో, వెనక ఒదిగి ఉంటే చాలు.

మరో పనికి ఇవ్వడం

భవనం బాగుండి, గ్రంథాలయానికి జనం కరువైనప్పుడో, జనం మరీ ఎక్కువై చోటు చాలనప్పుడో ఈ మాట వస్తుంది. అన్ని పనులూ ఒక్కటి కావు. పాత భవనం మీద కొత్త పని ఎంత బరువు వేస్తుంది, ఎన్ని గోడలు కొట్టమంటుంది అన్నదే చూడాలి.

మ్యూజియం తేలిక. విజయవాడలో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరుతో 1887లో పునాది వేసిన భవనం ప్రదర్శనశాలగా మొదలై, 1921లో కాంగ్రెస్ సమావేశానికి వేదికై, పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించిన చోటై, ఇప్పుడు బాపు మ్యూజియంగా ఉంది. 2020లో కొత్తగా తీర్చిదిద్ది మళ్ళీ తెరిచారు. అక్కడ గోడలకి పెద్దగా శ్రమ లేదు.

కాలేజీ అయితే కాస్త బరువే. కోఠీలో బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం దశాబ్దాల పాటు మహిళా కళాశాల. అమ్మాయిల చదువు ఆ భవనాన్ని పడిపోకుండా నిలబెట్టింది, అదే సమయంలో బాగా అరగదీసింది కూడా. చివరికి తరగతుల్ని పక్క భవనాలకి మార్చి, వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే అంతర్జాతీయ సంస్థ చేయూతతో దర్బారు హాలూ అవీ బాగు చేయాల్సి వచ్చింది. ఆ కాలేజీని నేను తప్పు పట్టను. అది లేకపోతే అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ ఉండేదేమో.

హోటల్ సంగతి ఒక్క ముక్కలో. ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి హోటల్‌గా నడుస్తూ మెరిసిపోతోంది, కానీ అది మొదటి నుంచీ ప్రభువుల మహలే. జనం చందాలతో కట్టుకున్న భవనంలోకి జనం రాలేకపోతే ఇక దాన్ని కాపాడింది ఎవరి కోసం?

ఏ పనికి ఇచ్చినా ముందు దానపత్రం తీసి చదవండి. మా భవనం స్థలం ఇచ్చిన వారు "గ్రంథాలయ నిమిత్తం మాత్రమే" అని రాసి రిజిస్టర్ చేయించారు. ఇలాంటి షరతు ఉంటే వేరే పనికి మార్చగానే వారసులు కోర్టుకి వెళ్ళొచ్చు. కమిటీలో ఆ కాగితం ఎవరూ చూడలేదు. బీరువా అట్టడుగున, కలరా ఉండల వాసన కొడుతూ, మడతల దగ్గర చిరిగి దొరికింది. కింద షాపులు కట్టే ప్లాను ఆ సాయంత్రమే చల్లబడింది.

ఎవరూ ఎంచుకోని ఎంపిక

కాగితం మీద ఎవరూ రాయరు గానీ, ఎక్కువ ఊళ్ళలో జరిగేది ఇదే: తాత్కాలికంగా ఖాళీ చేయడం. పుస్తకాలు మూటలు కట్టి ఏ కమ్యూనిటీ హాల్లోనో పడేస్తారు. భవనానికి తాళం. నిధులు వచ్చాక చూద్దాం అంటారు. తాళం వేసిన నూరేళ్ళ భవనం రెండు వానాకాలాల్లో పదేళ్ళు ముసలిదవుతుంది. తూము పూడిందని చెప్పేవాళ్ళుండరు. మూటల్లో ఉన్న పుస్తకాలకి చెదలు ముందే తెలుస్తుంది, మనకి తర్వాత.

అందుకే రిపేరైనా సరే, సగం సగంగా చేయండి. ఒక గది మూసి పని చేస్తుంటే ఇంకో గదిలో పేపరు చదవనివ్వండి. ఇబ్బందే, దుమ్మే. కానీ రోజూ నలుగురు అడుగుతూ ఉంటారు, "ఎప్పటికవుతుందండీ?" అని. కాంట్రాక్టర్‌కి కావల్సిన టెన్షన్ అదే.

కూల్చడం

కొన్నిసార్లు తప్పదు. గాజు ముక్క విరిగి, పునాది కుంగి, గోడ బయటికి ఒరిగితే మనుషుల ప్రాణం ముఖ్యం. అయితే ఆ మాట చెప్పాల్సింది పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు, అదీ రాతపూర్వకంగా. స్థలం మీద కన్నున్నవాళ్ళ నోటి మాట చాలదు. చట్టం సంగతి కూడా చూసుకోండి. తెలంగాణలో 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. ఆంధ్రలో పురావస్తు శాఖ రక్షిత జాబితాలో ఉందేమో అడగాలి. 2019లో కొత్త అసెంబ్లీ కోసం హైదరాబాదులోని ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్నే హైకోర్టు కొట్టేసింది.

కూల్చినా, కూలినా ఆ చోటు గుర్తు మిగిలేలా చేయొచ్చు. కడపలో సి.పి. బ్రౌన్ ఉన్న బంగళా శిథిలమైపోయింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టు వదలకుండా తిరిగి, అదే స్థలంలో బ్రౌన్ పేరుతో గ్రంథాలయం లేపించారు. పాత గోడలు దక్కలేదు, చోటు దక్కింది, పుస్తకాలు దక్కాయి. ఓడిపోయిన కేసులో అంతకంటే మంచి తీర్పు నేను చూడలేదు.

మీరు కూల్చే పక్షమైతే టేకు తలుపులు, దూలాలు, నాపరాళ్ళు, శిలాఫలకం ముందే లెక్క రాసి, ఫొటోలు తీసి పెట్టుకోండి. పాత టేకు ధర తెలిసినవాళ్ళు మనకంటే ముందే లెక్క వేసుకుని ఉంటారు.

డబ్బు మాట

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద కడుతున్నాం. ఇది జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరాలి. స్థానిక సంస్థలు వసూలు చేసి ఇవ్వకుండా ఉంచేసుకోవడం పాత రోగమే. మీ ఊరి బకాయి ఎంతో సమాచార హక్కు కింద అడగండి, రిపేరు ఎస్టిమేట్‌కి దగ్గరగా వచ్చినా ఆశ్చర్యపోకండి. అది ప్రైవేటు కమిటీ భవనమైతే సెస్సు రాదు, దాతలే దిక్కు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొత్త బ్లాకుకి పేరు పెడతామంటే సంతోషంగా ఇస్తారు. తూము శుభ్రం చేయడానికి పేరు పెట్టలేం కదా! అందుకని వచ్చిన విరాళంలో కొంత బ్యాంకులో వేసి, దాని వడ్డీ ఏటా వానలకు ముందు కప్పు పనికే వాడాలని తీర్మానం రాయించుకోండి.

స్కానింగ్ గురించి అందరూ అడుగుతారు. చేయండి, అరుదైన పాతిక వంతుకి తప్పకుండా చేయండి. పుస్తకంలోని మాట దానితో దక్కుతుంది. కారే కప్పుకీ, చదువుకునే చోటుకీ అది జవాబు కాదు.

ఏ ఊరికి ఏది

వెనక స్థలం ఉండి, జనం వస్తూ ఉంటే పాతది ముందు, కొత్తది వెనక. రెండో ఆలోచన వద్దు. స్థలం లేక, భవనం గట్టిగా ఉంటే అందులోనే బాగు చేసి, ఎక్కడైనా దొరికే పుస్తకాలు తగ్గించి, అరుదైనవి ఉంచుకోండి. అరుదైనవి చూసుకునే శక్తి కమిటీకి లేకపోతే వాటిని పెద్ద గ్రంథాలయానికి రసీదు తీసుకుని అప్పగించడం నామోషీ కాదు. జనం పూర్తిగా మానేసిన చోట మ్యూజియమో, పిల్లల కేంద్రమో పెట్టండి, ఒక గది మాత్రం పేపర్లకి వదలండి. ఏదీ తేలకపోతే తేలేదాకా తలుపు తీసి ఉంచండి.

మా కమిటీ వెనక గది వైపు మొగ్గింది. డబ్బు ఇంకా సగమే పోగైంది. ఈలోగా ముందు చేసిన పని మాత్రం రెండు రోజుల్లో అయిపోయింది. తూము తవ్వి తీశాం, రెండు గమేళాల మట్టి, ఒక చచ్చిన పావురం, ఎవరిదో టెన్నిస్ బంతి వచ్చాయి. రావి మొక్కని పైన నరికితే మళ్ళీ వస్తుందని మేస్త్రీ వేరు దాకా రాళ్ళు విడదీసి లాగారు, అది మూరెడు లోపలికి ఉంది. ఆ సందులో సున్నం నింపారు. జూన్ చివర్లో వాన పడ్డప్పుడు నేను గొడుగేసుకుని వెళ్ళి చూశాను. గొట్టంలోంచి నీళ్ళు దబదబా కింద పడుతున్నాయి. లోపల పెద్దాయన కుర్చీ జరుపుకోకుండా పేపరు చదువుకుంటున్నారు.